ఆట బంతి, అన్నం బంతి

(పేట యువజనుల వాలీబాల్ జట్టు సమావేశంలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఈ సాయంత్రం మనం ఇక్కడ చేరింది ఒక్క సంగతి తేల్చుకోవడానికి. సంక్రాంతికి పెద్ద ఊళ్లో జరిగే వాలీబాల్ పోటీలకి మన జట్టుని మళ్లీ పిలిచారు. పోవాలా, వద్దా?

కిందటేడు ఏం జరిగిందో అందరికీ తెలుసు. అయినా ఒకసారి చెప్పుకుందాం. పొద్దున మనవాళ్లు రెండు ఆటలు గెలిచారు. మధ్యాహ్నం షామియానా కింద బల్లలు వేశారు. అన్ని జట్లూ వరసగా కూర్చున్నాయి. మన పిల్లలు పోయేసరికి కమిటీ మనిషి ఒకాయన అడ్డం వచ్చి, "మీకు అక్కడ చింతచెట్టు కింద పెడతాం, రండి" అన్నాడు. మనవాళ్లు తినకుండా వెనక్కి వచ్చారు. ఖాళీ కడుపుతో మూడో ఆట ఆడి ఓడారు. ఓడాక చుట్టూ ఉన్న జనం ఏమన్నారు? "వీళ్లకి ఆఖరిదాకా నిలబడే దమ్ము లేదు" అన్నారు. అన్నం సంగతి ఒక్కడూ ఎత్తలేదు.

ఇప్పుడు మనలో రెండు మాటలు వినబడుతున్నాయి. "వాళ్ల పోటీలు వాళ్లే ఆడుకోనీ, ఏప్రిల్ 14న మన పోటీలు మనమే పెట్టుకుందాం" అని ఒక మాట. "అక్కడ ఆడకపోతే మన ఆట ఎవడు చూస్తాడు? జిల్లా జట్టుకి పిల్లల్ని ఏరేది అక్కడే గదా" అని ఇంకో మాట. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఈ తగువు మనతోనే మొదలు కాలేదు. డెబ్బై, ఎనభై ఏళ్ల కింద అమెరికాలో నల్లజాతి వాళ్ల మధ్య ఇదే తగువు నడిచింది. ఆ తగువు మధ్యలో బతికిన ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ గురించి చెప్తాం. ఆయన పేరు జాన్ మెక్‌లెండన్. ఆయన బతుకు విన్నాక నిర్ణయం మీరే చేద్దురుగాని.

ముందు ఆ ఆట సంగతి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, చలికాలంలో కుర్రాళ్లు ఇంటిలోపల ఆడుకోడానికని పది అడుగుల ఎత్తున పండ్ల బుట్టలు కట్టించి, అందులో బంతి వెయ్యమన్నాడు. అదే బాస్కెట్‌బాల్. మనలాంటి పంతులు కనిపెట్టిన ఆట అన్నమాట.

మెక్‌లెండన్ 1915లో కాన్సస్ రాష్ట్రంలో పుట్టాడు. పసితనంలోనే తల్లి పోయింది. 1933లో కాన్సస్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అప్పటికి నైస్మిత్ అక్కడే ఉన్నాడు, డెబ్బై దాటిన ముసలాయన. వ్యాయామ విద్య చదవడానికి ఆ విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి నల్లజాతి విద్యార్థి మెక్‌లెండనే. తండ్రి చెప్పి పంపాడు, "నైస్మిత్ దగ్గరికే పో, నా గురువు మీరేనని చెప్పు" అని. ముసలాయన కాదనలేదు. మన పురాణంలో ద్రోణుడు ఏకలవ్యుణ్ణి బొటనవేలు అడిగాడు. ఈయన వేలు అడగలేదు, చెయ్యి పట్టుకుని నేర్పాడు.

అయితే అంతా బాగుందనుకోకండి. గురువు ఒప్పుకున్నాడు గానీ ఆ విశ్వవిద్యాలయం జట్టులో మాత్రం ఆడనివ్వలేదు. ఆట కనిపెట్టిన మనిషి దగ్గర ఆట నేర్చిన విద్యార్థికే ఆ ఆట ఆడే హక్కు లేదు. నల్లజాతి కుర్రాడు ఆ జట్టు చొక్కా తొడుక్కోడానికి 1951 దాకా పట్టింది.

ఈత సంగతి ఇంకా వినండి. ఈత కొలనులోకి మెక్‌లెండన్ దిగితే, ఆయన ఎక్కాక ఆ నీళ్లన్నీ వదిలేశారు. ఇది వింటుంటే మీకేం గుర్తొస్తున్నది? మహద్ గుర్తు రాలేదా? 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో పోయి చవదార్ చెరువులో దోసెడు నీళ్లు తాగితే, తర్వాత అగ్రకులాలవాళ్లు ఆవు పేడ, ఆవు పంచితం కుండలతో పోసి ఆ చెరువుని "శుద్ధి" చేశారు. అక్కడ నీళ్లు పారబోశారు, ఇక్కడ నీళ్లలో పేడ కలిపారు. సముద్రాలు దాటినా తెలివితేటలు ఒక్కటే. మెక్‌లెండన్ మాత్రం వదల్లేదు. పట్టుబట్టి నిలబడితే చివరికి ఆ కొలను మీద నిషేధం పోయింది.

మా సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. మేము హైస్కూల్లో చదివేటప్పుడు ఆటస్థలంలో ముగ్గు పోసి గీతలు గీసింది మేమే, వల కట్టింది మేమే, ముళ్లకంపలో పడ్డ బంతి తెచ్చి ఇచ్చింది మేమే. జట్టులో పేరు మాత్రం ఒక్కసారీ రాలేదు. మాకు ఆట రాదని మేమే నమ్మాం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేము. డిగ్రీ చేతికొచ్చినా ఆ నమ్మకం మాలోంచి పోడానికి చాలా ఏళ్లు పట్టింది. కిందటేడు మన పిల్లల్ని "దమ్ము లేదు" అన్నప్పుడు మా భయమంతా అదే. ఆ మాట వాళ్ల చెవుల్లో పడి, వాళ్లు కూడా నమ్మేస్తారేమోనని.

మెక్‌లెండన్ నమ్మలేదు. 1936లో పట్టా పుచ్చుకున్నాడు, మరుసటేడు అయోవా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తి చేశాడు. తెల్లవాళ్ల కాలేజీలో కోచ్ ఉద్యోగం ఇచ్చే రోజులు కావవి. దక్షిణాదిన డర్హమ్ అనే ఊరు పోయాడు. అక్కడి నల్లజాతి కాలేజీ పేరే "నార్త్ కరోలినా కాలేజ్ ఫర్ నీగ్రోస్". 1940 నుంచి ఆ జట్టుకి ఆయనే పెద్ద కోచ్.

అక్కడ ఆయన చేసింది ఏమిటంటే ఆట నడకనే మార్చాడు. ఆ రోజుల్లో బంతి నింపాదిగా చేతులు మారుతూ పోయేది. ఈయన, బంతి చేతికి చిక్కిన మరుక్షణం అవతలి బుట్ట వైపు పరుగెత్తమన్నాడు. బంతి పోతే వెనక్కొచ్చి నిలబడటం కాదు, మైదానమంతా ఎదుటివాణ్ణి వెంటాడమన్నాడు. ఇలా ఆడాలంటే ఊపిరి కావాలి. కాబట్టి బంతి కంటే ముందు పరుగు నేర్పాడు. ఎదుటివాడు రొప్పుతున్నప్పుడు మనవాడు ఇంకా పరుగెత్తగలగాలి, అదీ ఆయన లెక్క. ఈరోజు ప్రపంచమంతా ఆడే వేగం ఆటకి దారి వేసినవాళ్లలో ఆయన ముందువరసలో ఉన్నాడు.

ఇప్పుడు అసలు కథ. 1944 మార్చి 12, ఆదివారం పొద్దున. డర్హమ్‌లోనే డ్యూక్ విశ్వవిద్యాలయం ఉంది, తెల్లవాళ్లది. దాని వైద్య కళాశాల జట్టులో యుద్ధకాలపు శిక్షణ కోసం వచ్చిన కుర్రాళ్లు ఉన్నారు. అంతకుముందు వేరే వేరే కాలేజీల్లో పేరుమోసిన ఆటగాళ్లు వాళ్లు. మెక్‌లెండన్ జట్టు ఆ ఏడాది ఒక్క ఆటే ఓడింది. రెండూ గట్టి జట్లే, ఒకే ఊళ్లో ఉన్నాయి. అయినా ఎదురుపడి ఆడే వీల్లేదు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ఆడితే చట్టం ఒప్పుకోదు, ఊరు అసలే ఒప్పుకోదు. ప్రాణాల మీదికి వచ్చే పని. అయినా రెండువైపుల కుర్రాళ్లూ "ఎవరు గట్టివాళ్లో చూసుకుందాం" అనుకున్నారు. మెక్‌లెండన్ సరే అన్నాడు.

ఊరంతా చర్చిలో ఉండే వేళ చూసుకున్నారు. తెల్ల కుర్రాళ్లు కార్లలో చుట్టుదారిన వచ్చారు. మొహాలు కనబడకుండా కోట్లు తలమీద కప్పుకుని లోపలికి నడిచారు. తలుపులు గడియ పెట్టారు. ప్రేక్షకులు లేరు. కొందరు విద్యార్థులు మాత్రం పసిగట్టి కిటికీలు పట్టుకుని వేలాడి చూశారు. మొదట కాసేపు రెండు జట్లకీ చేతులు వణికాయి. తర్వాత మెక్‌లెండన్ పిల్లలు పరుగు మొదలుపెట్టారు. ఆట ముగిసేసరికి లెక్క 88–44. సరిగ్గా రెండింతలు!

తర్వాత జరిగింది ఇంకా గొప్ప సంగతి. కాసేపు ఆగి రెండో ఆట ఆడారు. ఈసారి నల్లవాళ్లు ఒకవైపు, తెల్లవాళ్లు ఒకవైపు కాదు. రెండు జట్లనీ కలిపి పంచుకున్నారు. ఒక జట్టు చొక్కాలతో, ఒక జట్టు చొక్కాలు విప్పి. ఆ తర్వాత కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. సంగతి తెలిసిన నల్లజాతి పత్రికా విలేఖరి కూడా ఒక్క అక్షరం రాయలేదు. రాస్తే ఏం జరుగుతుందో ఆయనకి తెలుసు.

ఏం జరుగుతుందో మనకీ తెలియాలంటే అదే ఏడాది జులై చూడండి. బుకర్ స్పైస్లీ అనే నల్లజాతి సైనికుడు, ఒంటిమీద సైనిక దుస్తులతోనే ఉన్నాడు, ఆ డర్హమ్ ఊళ్లోనే బస్సులో వెనక సీట్లోకి పొమ్మంటే వెంటనే కదల్లేదని బస్సు డ్రైవరు కాల్చి చంపాడు. కోర్టు ఆ డ్రైవర్ని నిర్దోషి అంది. 2014లో చుండూరు కేసులో శిక్షలన్నీ హైకోర్టు కొట్టేసిన రోజు గుర్తున్నవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ 88–44 లెక్క యాభై ఏళ్లు ఏ పుస్తకంలోనూ లేదు. 1996లో స్కాట్ ఎల్స్‌వర్త్ అనే చరిత్రకారుడు పత్రికలో రాస్తే లోకానికి తెలిసింది. మన గెలుపులు కూడా ఎన్ని ఇట్లా గడియపెట్టిన తలుపుల వెనక ఉండిపోయాయో ఆలోచించండి. అందుకే మన జట్టు ఆడిన ప్రతి ఆట లెక్కా ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచమని మేము పదేపదే అడిగేది.

ఇక మన తగువుకి వద్దాం. సొంత పోటీలా, వాళ్ల పోటీలా?

మెక్‌లెండన్ రెండూ చేశాడు. ముందు సొంతవి. నల్లజాతి కాలేజీలకి అప్పటికే ఒక సంఘం ఉంది. 1946లో ఆయనా ఇంకొందరు పెద్దలూ కలిసి ఆ కాలేజీల మధ్య టోర్నమెంటు మొదలుపెట్టారు, వాషింగ్టన్‌లో. తెల్లవాళ్ల గుమ్మం ముందు నిలబడి ఏడవలేదు. మన ఆట మనం చూసుకుందాం, మన ఆటగాళ్లని మనం మెచ్చుకుందాం అనుకున్నారు. ఆ టోర్నమెంటు ఇప్పటికీ ఏటేటా జరుగుతూనే ఉంది.

దాంతో సరిపెట్టుకోనూ లేదు. ఇతర నల్లజాతి కోచ్‌లతో కలిసి జాతీయ పోటీల్లో చోటు కావాలని అర్జీ మీద అర్జీ పెట్టారు. పెద్ద సంస్థ పట్టించుకోలేదు. చిన్న కాలేజీల సంస్థ, ఎన్‌ఏఐఏ అంటారు, 1953లో తలుపు తీసింది. మెక్‌లెండన్ 1954లో టెనెసీ ఎ అండ్ ఐ అనే నల్లజాతి విశ్వవిద్యాలయానికి కోచ్‌గా పోయాడు. కాన్సస్ సిటీలో పోటీలకి ఆ జట్టుకి పిలుపు వచ్చింది.

పిలుపు రాగానే ఎగిరి గంతేసి పోయాడా? లేదు. ఒక షరతు పెట్టాడు. మిగతా జట్లు ఏ హోటల్లో దిగుతాయో మా పిల్లలూ అక్కడే దిగాలి. వాళ్లు ఎక్కడ తింటారో మావాళ్లూ అక్కడే తినాలి. అట్లా అయితేనే వస్తాం, లేకపోతే రాం. నిర్వాహకులు ఒప్పుకున్నారు. నల్లజాతి జట్టు ఆ ఊరి నడిబొడ్డున మిగతావాళ్లతో పాటు హోటల్లో దిగింది.

తమ్ముళ్లారా, మన భాషలో ఒక మాట ఉంది. ఆడేదీ బంతే, వరసగా కూర్చుని తినేదీ బంతే. ఆట బంతికి మా చెయ్యి తగలొచ్చు గానీ అన్నం బంతిలో మా పక్కన కూర్చోవద్దు అంటే, అది ఆటకి పిలవడం కాదు. మెక్‌లెండన్ రెండు బంతులూ కలిపి అడిగాడు. అదీ మనం నేర్చుకోవాల్సింది.

తర్వాత ఏమైంది? 1957లో ఆ జట్టు జాతీయ విజేత. ఫైనల్లో 92–73 తేడాతో గెలిచింది. నల్లజాతి కాలేజీ జట్టు జాతీయ టోర్నమెంటు గెలవడం అదే మొదలు. 1958లో మళ్లీ గెలిచింది. 1959లో మళ్లీ. వరసగా మూడేళ్లు జాతీయ టైటిల్ గెలిపించిన కాలేజీ కోచ్ అంతకుముందు ఎవరూ లేరు, నల్లవాళ్లలోనూ తెల్లవాళ్లలోనూ.

అంత గెలిచినా, ఆ జట్టు చదువుకునే నాష్‌విల్ ఊళ్లో బజారు హోటళ్ల బల్లల దగ్గర వాళ్లకి కాఫీ పొయ్యలేదు. 1960 ఫిబ్రవరిలో నల్లజాతి విద్యార్థులు ఆ బల్లల దగ్గర పోయి కూర్చున్నారు. కొట్టినా, జైల్లో పెట్టినా మళ్లీ వచ్చి కూర్చున్నారు. మే నెలలో హోటళ్లు దిగొచ్చాయి. కప్పులు తెచ్చినంతలో కులం పోదు, రంగు పోదు. కప్పు వెనక ఉద్యమం ఉండాలి. ఉద్యమం చేసేవాడికి కప్పు తెచ్చిన తమ్ముడు బలం. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని ఎవరూ అనుకోవద్దు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మూడు టైటిళ్లు గెలిచిన కోచ్‌ని ఒక తెల్లవాళ్ల విశ్వవిద్యాలయం పెద్ద కోచ్‌గా పిలవడానికి ఏడేళ్లు పట్టింది. మధ్యలో 1961లో క్లీవ్‌లాండ్ పైపర్స్ అనే జట్టుతో, వృత్తి లీగ్‌లో పెద్ద కోచ్ అయ్యాడు. యజమాని జోక్యం భరించలేక సీజన్ మధ్యలోనే రాజీనామా చేశాడు. 1966లో క్లీవ్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయం పిలిచింది. తెల్లవాళ్లు ఎక్కువగా ఉండే విశ్వవిద్యాలయానికి పెద్ద కోచ్ అయిన మొదటి నల్లజాతీయుడు ఆయనే. అక్కడ గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. 1969లో డెన్వర్ వృత్తి జట్టుకి పోతే 28 ఆటల్లో 9 గెలిచాక తీసేశారు.

ఇది ఎందుకు చెప్తున్నాం? ఓడిపోతే పరువు పోతుందని మనలో కొందరు భయపడుతున్నారు. పెద్ద కులంవాడు ఓడితే "ఇవాళ వాడికి కలిసిరాలేదు" అంటారు. మనవాడు ఓడితే "ఈ జాతే ఇంత" అంటారు. గెలిస్తేనే మనుషులం, ఓడితే కాదు అనే లెక్క మనం ఒప్పుకోకూడదు. గెలిచే హక్కు ఎంతో, ఓడి రేపు మళ్లీ వచ్చే హక్కు కూడా అంతే.

గౌరవాలు కూడా ఆలస్యంగానే వచ్చాయి. నైస్మిత్ పేరు మీదే అక్కడ బాస్కెట్‌బాల్ మహనీయుల మందిరం ఉంది. 1979లో మెక్‌లెండన్ పేరు అందులో చేర్చారు. ఎట్లా? ఆటకి సేవ చేసిన మనిషిగా. కోచ్‌గా కాదు! ఆయన 1999లో చనిపోయాడు. కోచ్‌గా గుర్తించి పేరు చేర్చింది 2016లో, పోయిన పదిహేడేళ్లకి. ఆయన మూడేళ్ల విజేత జట్టుని చేర్చింది 2019లో. ఆ జట్టులో మిగిలిన ముసలి ఆటగాళ్లని వైట్‌హౌస్‌కి పిలిచింది 2024లో. అరవై ఏళ్లు దాటిపోయాక. వాళ్లు ఇచ్చే గుర్తింపు కోసం మనం ఆగితే మన పిల్లలు ముసలివాళ్లయిపోతారు.

కాబట్టి మా మాట మూడు ముక్కల్లో చెప్తాం.

ఒకటి. ఏప్రిల్ 14న మన పోటీలు మనం పెడదాం. చుట్టుపక్కల పేటలన్నిటినీ, ఆడపిల్లల జట్లతో సహా పిలుద్దాం. ఏ కులం జట్టు వచ్చినా ఆడనిద్దాం, ఒకే బంతిలో అన్నం పెడదాం. ఎట్లా పెట్టాలో వాళ్లు చూసి నేర్చుకుంటారు.

రెండు. సంక్రాంతి పోటీలకి పోదాం. కానీ ముందు కమిటీకి కాగితం రాద్దాం. భోజనం, మంచినీళ్లు, బస అన్నీ మిగతా జట్లతో పాటే ఉండాలి, జవాబు రాతమూలకంగా కావాలి. ఒప్పుకుంటే ఆడతాం. ఒప్పుకోకపోతే ఆ కాగితం నకలు ఎమ్మార్వోకీ, పోలీస్ స్టేషన్‌కీ, ఈ పత్రికకీ పంపుదాం. ఒక్కటి మర్చిపోకండి. మెక్‌లెండన్ డర్హమ్‌లో తలుపులు గడియ పెట్టుకుని ఆడాడంటే, అప్పుడు చట్టం ఆయనకి ఎదురు నిలబడింది. మనకి 1950 నుంచి రాజ్యాంగం 17వ అధికరణం ఉంది, 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. చట్టం మన వైపు ఉండి కూడా చింతచెట్టు కింద కూర్చుంటే తప్పు చట్టానిది కాదు.

మూడు. ఇది ఆటగాళ్లకి. రేపు పొద్దున ఐదింటికల్లా చెరువుకట్ట మీద పరుగు. ముందు ఊపిరి, తర్వాత బంతి. మా వయసు నలభై దాటింది, మోకాళ్లు నొప్పులు. అయినా మేమూ వస్తాం, వెనక నుంచి.

కాగితం రాయడానికి ఇక్కడే కూర్చుందాం. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర. వేలిముద్ర వేసే పెద్దలకి ఒక్క మాట. ఏకలవ్యుడి దగ్గర తీసుకున్న వేలు అదే. ఈసారి ఎవరికీ ఇవ్వడం లేదు, మన పిల్లల కోసం కాగితం మీద మోపుతున్నాం.

జై భీమ్.